మాట, లెక్క, బొమ్మ

మా చీరాలకు ఒక చిత్రమైన యోగం ఉన్నది. ఉన్నచోటి నుంచి అంగుళం కదలకుండానే మూడు జిల్లాలు చూసింది. నా చిన్నతనంలో గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అయింది, 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు మారింది. 2022లో బాపట్ల జిల్లా అయింది. సముద్రం అక్కడే ఉంది, రైలు స్టేషనూ అక్కడే ఉంది. మారిందల్లా కాగితాల మీది శీర్షిక. ఆ శీర్షికలు మార్చే పని మాత్రం నాబోటి గుమాస్తాల నెత్తిన పడింది.

నేను ఇక్కడి ఒక చేనేత సహకార సంఘంలో లెక్కలు రాసి తల నెరిసినవాణ్ణి. చిట్టా ఆవర్జాలతో మొదలుపెట్టి కంప్యూటరు దాకా వచ్చాను. ఉద్యోగం విరమించినా, నివేదికలు రాసే రోజులు వచ్చాయంటే సంఘం నుంచి కబురొస్తుంది, నేనూ కాదనను. జిల్లా మారిన ఆ ఏడాది నేను తయారుచేసిన నివేదిక ఒకటి నాకు తగిన శాస్తి చేసింది. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉన్నా, నలుగురికీ పనికివచ్చే సంగతి గనుక చెబుతున్నాను.

సంక్రాంతి ముందు సంఘానికి నూలు కొనాలి. నూలు కొనాలంటే బ్యాంకువారు అప్పు మంజూరు చేయాలి. అప్పు కావాలంటే నివేదిక కావాలి. సంఘం పని తీరు గురించి నాలుగు పేజీల మాటలు, ఉత్పత్తీ అమ్మకం నిల్వల పట్టిక ఒకటి, నెలవారీగా నేత ఎలా సాగిందో చూపే గ్రాఫు ఒకటి—ఇదీ వారు కోరినది. మాటలు వర్డ్‌లో టైపు చేశాను. లెక్కలు ఎక్సెల్‌లో వేశాను. ఆ అంకెలు చూసి నివేదికలో మళ్ళీ పట్టిక కొట్టాను. గ్రాఫును బొమ్మగా తీసి అంటించాను. నా మట్టుకు నాకు ముచ్చటగానే ఉన్నది.

అంతలో ఆడిటరు వచ్చి, తడిసి పాడైన చీరలను నిల్వలోంచి తీసివేయమన్నాడు. తీసేశాను. ఎక్సెల్‌లో సరిదిద్దాను, నివేదికలోని పట్టికా సరిదిద్దాను. మొదటి పేజీలో అదే అంకె ఒక వాక్యం నడుమ ఉన్న సంగతి మరిచాను. గ్రాఫు సంగతి అసలే మరిచాను. బ్యాంకుకు వెళ్ళిన కాగితాల్లో నిల్వ సరుకు మాటల్లో ఒకటి, పట్టికలో ఒకటి, బొమ్మలో మరొకటి! పైగా మొదటి పేజీ మీద బాపట్ల జిల్లా, చివరి పేజీ మీద ప్రకాశం జిల్లా.

“వీటిలో దేన్ని నమ్మమంటారు?” అని ఒక్క వాక్యం రాసి తిప్పి పంపారు. తప్పు వారిది కాదు, ముమ్మాటికీ నాదే. మళ్ళీ రాసి, సంతకాలు పెట్టించి, పంపి, మంజూరు తెచ్చుకునేసరికి ఇరవై రోజులు గడిచాయి.

కాగితాల మీద ఇరవై రోజులంటే ఎంతలే అనిపిస్తుంది. మగ్గం మీద కూర్చునేవాడికి అలా కాదు. మా సభ్యుడొకాయన రెండుసార్లు వచ్చి, “నూలొచ్చిందాండీ?” అని అడిగాడు. మూడోసారి వచ్చాడు గాని అడగలేదు. అప్పటికే మాస్టర్ వీవరు షావుకారు దగ్గర నూలు తెచ్చుకొని, ఆయన ఇచ్చే మజూరీకి ఒప్పుకున్నాడట. ఆ మాట వేరేవాళ్ళు చెప్పారు.

తాతయ్యా, మూడుసార్లు రాశారు!

పండుగ సెలవులకు వచ్చిన మా మనవరాలు నా అవస్థ చూసింది. డిగ్రీ చదువుతోంది. తిరిగి వచ్చిన నివేదికను అటూ ఇటూ తిప్పి, “తాతయ్యా! ఇందులో మీకు లెక్క రాక జరిగిన తప్పు ఒక్కటీ లేదు. ఒకే లెక్కను మూడుసార్లు రాశారు, అదే తప్పు. ఒక్కసారే రాయాలి. మిగతా రెండు చోట్లా అదే కనిపించాలి” అన్నది.

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఆలోచిస్తే, ఎంత పాత సంగతిని ఎంత కొత్తగా చెప్పిందీ అనిపించింది. మన కరణాలు కవిలెకట్టల్లో చేసిన పనీ ఇటువంటిదే గదా! కర్నల్ కాలిన్ మెకంజీ, కావలి సోదరుల సాయంతో రెండు వందల ఏళ్ళ కిందట పోగుచేయించిన గ్రామ కైఫియత్తులను చూడండి. ఊరు ఎట్లా పుట్టిందో, గుడి ఎవరు కట్టించారో చెప్పే కథనమూ, ఇనాముల, భూముల వివరాలూ ఒకే చోట ఉంటాయి. కథ వేరే కట్టలో, లెక్క వేరే కట్టలో ఉంటే రెంటికీ పొత్తు కుదరదని వారు ఏనాడో ఎరుగుదురు.

మూడూ ఎందుకు?

మాటలున్నాయి గదా, పట్టిక ఎందుకు? పట్టిక ఉన్నది గదా, గ్రాఫు ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు మా ఊరి చరిత్రలోనే ఉన్నది.

చీరాల–పేరాల ఉద్యమం సంగతి తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 1919లో ప్రభుత్వం ఈ ఊళ్ళను కలిపి మునిసిపాలిటీ చేసింది. అంతకు ముందు యూనియనుగా ఉన్న రోజుల్లో ఏడాదికి సుమారు రూ. 4,000 ఉన్న పన్ను, మునిసిపాలిటీతో రూ. 40,000కు చేరిందని చరిత్రకారులు రాశారు. ఈ రెండు అంకెలనూ పట్టికలో పెట్టండి. ఒక సున్నా తేడా. ఆదమరిస్తే కంటికి ఆననే ఆనదు.

అవే అంకెలను నిలువు కడ్డీలుగా గీయండి. మొదటి కడ్డీ అంగుళమైతే రెండోది పది అంగుళాలు. చదువు రానివాడికి కూడా గుండె గుభేలుమంటుంది. ఇది బొమ్మకున్న బలం.

కాని ఆ కడ్డీల తర్వాత ఏం జరిగింది? దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన 1921లో జనం ఇళ్ళకు ఇళ్ళు విడిచిపెట్టి, ఊరి బయట రామనగరమని పేరు పెట్టుకొని, పాకలు వేసుకొని దాదాపు పదకొండు నెలలు గడిపారు. ఈ సంగతి ఏ కడ్డీ చెప్పగలదు? ఏ గడిలో ఇముడుతుంది? దానికి మాటే కావాలి.

కనుక పట్టిక సాక్ష్యం చెబుతుంది. బొమ్మ ప్రశ్న వేస్తుంది. మాట సమాధానం చెబుతుంది. మూడూ ఒకే కాగితం మీద ఉంటేనే వ్యవహారం తేలుతుంది.

నల్లబల్ల దగ్గర మొదలైన కథ

లెక్కలను గీతలుగా చూపే విద్యకు ఆద్యుడు విలియం ప్లేఫేర్ అనే స్కాట్లండు దేశస్థుడు. 1786లో వెలువడిన తన గ్రంథంలో ఎగుమతి దిగుమతుల లెక్కలను గీతలుగా, కడ్డీలుగా గీశాడు. అప్పచ్చిని కోసినట్టు వృత్తాన్ని ముక్కలు చేసి చూపే పద్ధతి కూడా ఆయన 1801లో తెచ్చిందే.

ఇక కంప్యూటరు మీది లెక్కల పట్టిక. 1978లో అమెరికాలో హార్వర్డు బిజినెస్ స్కూల్లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్, ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద వేసిన లెక్కలు చూస్తున్నాడు. ఒక అంకె తప్పయితే, దాని మీద ఆధారపడిన అంకెలన్నీ తుడిచి మళ్ళీ వేయవలసి వచ్చేది. ఒకటి మారిస్తే మిగిలినవి వాటంతట అవే మారకూడదా అని ఆయనకు తోచింది. మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి 1979లో విసికాల్క్ తెచ్చాడు. 1983లో లోటస్ 1-2-3 వచ్చింది. పట్టిక, గ్రాఫు, సమాచారపు జాబితా మూడూ ఒకేచోట అని దానికా పేరు. ఎక్సెల్ 1985లో పుట్టింది. ఒక ప్రోగ్రాములో చేసిన వస్తువును మరో ప్రోగ్రాము పత్రంలో పొదిగే, లంకె వేసే సదుపాయాన్ని మైక్రోసాఫ్టువారు 1990లో తెచ్చారు. అంటే నేను తప్పు చేసేనాటికి, ఆ తప్పుకు మందు పుట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది!

అంటించడం, పొదగడం, లంకె వేయడం

మా మనవరాలు నాకు చెప్పిన పాఠం ఇది. పట్టికనో గ్రాఫునో పత్రంలోకి తేవడానికి మూడు దారులున్నాయి.

మొదటిది బొమ్మగా అంటించడం. గోడకు ఫొటో తగిలించినట్టు. అసలు మనిషి ముసలివాడైనా ఫొటో మారదు. నేను చేసింది ఇదే. ఇక ఎన్నటికీ మారని లెక్క అయితే దీన్ని మించిన పద్ధతి లేదు.

రెండవది పొదగడం. ఇందులో ఎక్సెల్ పట్టిక నకలు వర్డ్ పత్రం కడుపులోకి వెళుతుంది. దాని మీద రెండుసార్లు నొక్కితే అక్కడే తెరుచుకుంటుంది, అక్కడే దిద్దుకోవచ్చు. పత్రం ఎక్కడికి వెళితే పట్టికా అక్కడికి వెళుతుంది. కాని అసలు ఎక్సెల్ ఫైలుతో తెగతెంపులైనట్టే. అక్కడ దిద్దినది ఇక్కడికి రాదు.

మూడవది లంకె. లెక్క ఎక్సెల్‌లోనే ఉంటుంది. వర్డ్‌లో దాని నీడ మాత్రం కనిపిస్తుంది. అసలు మారితే నీడా మారుతుంది. ఏటేటా, నెలనెలా తిరగరాసే నివేదికలకు ఇదే దారి.

చేసే విధానం కష్టమేమీ కాదు. ఎక్సెల్‌లో కావలసిన గడులను కాపీ చేయండి. వర్డ్‌లోకి వచ్చి మామూలుగా పేస్ట్ చేయకుండా ‘పేస్ట్ స్పెషల్’ తెరవండి. అందులో ‘పేస్ట్ లింక్’ ఎంచుకొని, ఎక్సెల్ వర్క్‌షీట్ ఆబ్జెక్ట్ అన్న వరుసను నొక్కండి. గ్రాఫు అయితే అంటించేటప్పుడు ‘లింక్ డేటా’ అన్న గుర్తు ఎంచుకుంటే చాలు. తర్వాత పత్రం తెరిచినప్పుడు, లంకెల్లోని లెక్కలు తాజా చేయమంటారా అని అదే అడుగుతుంది, అవుననండి.

నాకు అన్నిటికన్నా నచ్చింది మరొకటి. వాక్యం నడుమ ఉండే అంకెకు కూడా లంకె వేయవచ్చు! ఒక్క గడినే కాపీ చేసి, పేస్ట్ లింక్‌లో ‘అన్‌ఫార్మాటెడ్ టెక్స్ట్’ అన్నదాన్ని ఎంచుకుంటే, ఆ అంకె మామూలు మాటల్లో మాటగా కలిసిపోతుంది. పత్రమంతా ఎంచుకొని ఎఫ్9 మీట నొక్కితే అది కూడా తాజా అవుతుంది. నా కొంప ముంచింది ఆ మొదటి పేజీ అంకెే గదా! ఈ కిటుకు ముందే తెలిసి ఉంటే ఇరవై రోజులు మిగిలేవి.

డబ్బు పెట్టి కొనే ప్రోగ్రాములే ఉండాలని లేదు. ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీసులో రైటర్, కాల్క్ ఉన్నాయి. గూగుల్ డాక్స్ వాడేవారైతే, గూగుల్ షీట్స్ నుంచి తెచ్చిన గ్రాఫు పాతబడినప్పుడు దాని పక్కనే ‘అప్‌డేట్’ అన్న మీట కనిపిస్తుంది. పిల్లల బడి ప్రాజెక్టుకైనా, అమ్మాయి పెళ్ళి ఖర్చుల జాబితాకైనా పద్ధతి ఒకటే.

పప్పులో కాళ్ళు

కొత్త విద్య వచ్చింది గదా అని నేను వెంటనే రెండో పొరపాటుకు సిద్ధమయ్యాను. బ్యాంకువారికి పంపే పత్రంలో గ్రాఫును పొదిగాను. ఈ-మెయిలు పంపబోతుండగా మనవరాలు, “ఆగండి!” అని, ఆ గ్రాఫు కింది లెక్కలు తెరిచి చూపించింది. ఒక్క గ్రాఫు అనుకున్నాను. దానితోపాటు మొత్తం ఎక్సెల్ పుస్తకమే లోపలికి వెళ్ళింది. పక్క షీటులో ఏ సభ్యుడు ఎంత అడ్వాన్సు తీసుకున్నాడో, ఎవరికెంత బాకీ ఉన్నదో పేరు పేరునా ఉన్నది! ఆ పత్రం పదిమంది చేతుల్లో పడితే నేతగాళ్ళ అప్పులు బజారున పడేవి.

వర్డ్ పత్రం అంటే మనం ఒక్క కాగితం అనుకుంటాం. నిజానికి అదొక మూట. డాక్స్ అన్న తోకను జిప్ అని మార్చి విప్పితే లోపల అరలు అరలుగా ఉంటుంది. పొదిగిన ఎక్సెల్ పుస్తకం ఒక అరలో భద్రంగా కూర్చుని ఉంటుంది. కనుక పొదగదలచుకుంటే, చూపవలసిన లెక్క ఒక్కటే ఉన్న కొత్త పుస్తకం చేసుకొని దాన్నే పొదగాలి.

లంకెకూ ఒక బలహీనత ఉంది. అది అసలు ఫైలు చిరునామాను పట్టుకొని ఉంటుంది. ఇల్లు మారిన బంధువుకు పాత చిరునామాకు ఉత్తరం రాస్తే ఏమవుతుంది? ఇక్కడా అంతే. ఫైలు పేరు మార్చినా, మరో చోటికి తరలించినా లంకె తెగుతుంది. రెండు ఫైళ్ళనూ మొదటినుంచీ ఒకే ఫోల్డరులో ఉంచుకోవాలి. పైవారికి పంపేటప్పుడు లంకెలన్నీ తాజా చేసి, పీడీఎఫ్‌గా మార్చి పంపాలి. అప్పుడు లోపలి పుస్తకం వారి చేతికి వెళ్ళదు, అంకెలూ అటూ ఇటూ కదలవు.

మరో ప్రమాదం కంప్యూటరుది కాదు, మనసుది. “కడ్డీలు ఇంకాస్త పొడుగ్గా కనిపించేట్టు చేయలేరా?” అని మా పెద్దలొకరు అడిగారు. చేయవచ్చు, నిమిషం పట్టదు. 95 నుంచి 100కు పెరిగిన లెక్కను సున్నా నుంచి గీస్తే రెండు కడ్డీలూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. 90 నుంచి మొదలుపెట్టి గీస్తే, రెండోది మొదటిదానికి రెట్టింపు కనిపిస్తుంది. అంకె అబద్ధం కాదు, బొమ్మ అబద్ధం. పక్కనే పట్టిక ఉంటే ఆ అబద్ధం నిలవదు. మూడూ ఒకచోట ఉండటంలోని మరో మేలు ఇది. ఒకదాని మీద మరొకటి కాపలా కాస్తాయి.

పెరిగిందా, తగ్గిందా?

ఇంతా చేసి, యంత్రం చేయలేని పని ఒకటి మిగిలింది. పరీక్షకని ఎక్సెల్‌లో అమ్మకాల అంకెను తగ్గించి చూశాను. పట్టిక మారింది, గ్రాఫు కుంగింది, వాక్యంలోని అంకె కూడా మారింది. ఆ వాక్యం చివర మాత్రం ‘పెరిగింది’ అని నేను రాసిన క్రియ చెక్కుచెదరకుండా నవ్వుతూ కూర్చున్నది! అంకె తగ్గినా, మాట పెరిగిందనే చెబుతున్నది. లంకె అంకెకు వేయగలం గాని అర్థానికి వేయలేం. అన్నీ తాజా చేశాక పత్రాన్ని మొదటినుంచి చివరిదాకా మనిషి చదివి తీరవలసిందే. నేనైతే పైకి చదువుతాను. కన్ను జారవిడిచినది చెవి పట్టుకుంటుంది.

ఈ కొత్త పద్ధతిలో తయారుచేసిన మొదటి నివేదికను 2023లో సంఘం సర్వసభ్య సమావేశంలో తెర మీద చూపించాం. పట్టిక వచ్చినప్పుడు సభ మౌనంగా ఉన్నది. గ్రాఫు రాగానే అందరూ ముందుకు వంగారు. నేతగాళ్ళకు గ్రాఫు కొత్త కాదు సుమండీ! బుటా వేయాలంటే గళ్ళ కాగితం మీద గడి గడీ నింపుకొనే గదా మొదలుపెడతారు.

వెనక వరుసలోంచి ఒకాయన లేచాడు. మూడోసారి నన్ను నూలు అడగకుండా వెళ్ళిపోయిన ఆ సభ్యుడే.

“ఆ రెండు కడ్డీలు పొట్టిగా ఉన్నాయేమండీ?” అన్నాడు.

“అక్టోబరు, నవంబరు” అన్నాను.

“అవును. ముసురు పట్టి మగ్గం గుంటల్లో నీళ్ళు నిలిచాయి. పడుగు తడిసింది. మరి ఆ మాట రాశారా?”

రాయలేదు. పట్టికలో అంకెలున్నాయి, గ్రాఫులో కడ్డీలున్నాయి; కారణం ఎక్కడా లేదు. రాస్తానన్నాను.

ఆయన కూర్చోలేదు. వేలు చూపి, “ఆ జనవరి కడ్డీ కూడా పొట్టిగానే ఉన్నదే. అదీ వానేనాండీ?” అన్నాడు.

సభలో ఎవరూ మాట్లాడలేదు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. తెలిసి అడిగాడో, తెలియక అడిగాడో ఇప్పటికీ నేను ఎరుగను. “కాదు. అది నా పొరపాటు” అని చెప్పి, ఇరవై రోజుల కథ అంతా విన్నవించాను.

ఆ రాత్రి ఇంటికి వచ్చి నివేదిక తెరిచాను. గ్రాఫు కింద రెండు వాక్యాలు చేర్చాను. వానల్లో మగ్గం గుంటల్లోకి నీరు చేరి నేత ఆగిందని ఒకటి. బ్యాంకుకు పంపిన నివేదికలో లెక్కలు పొసగక, అప్పు ఆలస్యమై, జనవరిలో సభ్యులకు నూలు అందలేదని రెండోది. రెండు వాక్యాలే గాని, రెండోది రాయడానికి మొదటిదానికన్నా చాలాసేపు పట్టింది.

ఎఫ్9 మీట నొక్కితే అంకెలన్నీ తాజా అయ్యాయి. ఆ వాక్యం మాత్రం నేను రాసినట్టే ఉన్నది.